కుడిచెయ్యి రూలు ప్రకారమే, తప్పంతా ఎడమచేతిదే

పోయిన నెల ఒక సర్కారు దవాఖానా లేబర్ రూమ్‌లో, రాత్రి రెండున్నర ప్రాంతంలో, నాకు ఏ చుట్టరికమూ లేని ఒక అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. తప్పే. ఎవరో ఫిర్యాదు చేసేలోపు నేనే ఒప్పేసుకుంటే శిక్ష తగ్గుతుందేమోనని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు నా అర్హతలు. కాన్పుల గదిలోకి తోడుగా ఒక మనిషిని రానివ్వచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే చెప్పింది. సర్కారు దవాఖానాల్లో కాన్పుల గదుల్ని బాగుచెయ్యడానికి 2017 డిసెంబరులో మొదలైన 'లక్ష్య' కార్యక్రమమూ తోడు ఉండాలనే అంటోంది. అలాగని ఎవరు పడితే వాళ్లు కుదరదు. చుట్టపు ఆడమనిషై ఉండాలి, తనకి కాన్పు అనుభవం ఉండాలి, అంటురోగం ఉండకూడదు, శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి, చివరిదాకా ఉండాలి, సిబ్బంది పనికి అడ్డు రాకూడదు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ తన కూతురికి తోడుండాల్సింది. సరిగ్గా ఆ వారమే ఆవిడకి జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. దాంతో ఆ పోస్టు నాకు వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లిని, చీర ఆ రోజే ఉతికింది, సిబ్బందికి అడ్డు రావడం మాట దేవుడెరుగు, నేనే గోడకి అతుక్కుని నిలబడ్డాను. చుట్టరికం ఒక్కటే లోటు. సిస్టర్‌గారు రిజిస్టర్ తీసి 'పేషెంటుకి ఏమవుతారు' అన్న గడి దగ్గర ఆగి, నా మొహం చూసి, 'పిన్ని' అని రాసేశారు. జీతం లేదు. కూర్చోడానికి స్టూలు కూడా లేదు.

(కాన్పు అనుభవం ఉంటేనే లోపలికి అన్న షరతు అందరికీ పెట్టకపోవడం మంచిదైంది. పెట్టుంటే ఆ రాత్రి డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్లిద్దరూ బయట బెంచీ మీద భర్తల పక్కన కూర్చోవాల్సి వచ్చేది. పాపం, ఇంకా పెళ్లికాని పిల్లలు.)

మరుగు ఉంటే భర్తల్ని కూడా రానివ్వచ్చట. ఇక్కడ మరుగు కోసం రాడ్లు బిగించారు, కర్టెన్లు వచ్చే బడ్జెట్‌లో వస్తాయి కాబోలు. అందుకని నేను తోడొచ్చిన మా అమ్మాయి మొగుడు బయట వేపచెట్టు కింద పెద్ద పెద్ద బాధ్యతలు మోస్తున్నాడు. సెల్‌ఫోన్ చార్జింగు, టీ, అరగంటకోసారి వాళ్లమ్మకి ఫోన్ చేసి 'ఇంకా కాలేదంట' అని చెప్పడం.

లోపల నా పని ఇంకా తేలిక. నొప్పి వచ్చినప్పుడు నడుం కింద అరచేతి మొదలుతో అదిమిపట్టాలి. తగ్గాక గుక్కెడు నీళ్లు ఇవ్వాలి. అంతే. భాష మాత్రం కొంచెం నేర్చుకోవాలి. 'మెల్లగా' అంటే గట్టిగా అని, 'గట్టిగా' అంటే ఇంకా గట్టిగా అని, 'నన్ను ముట్టుకోకండి' అంటే నొప్పి తగ్గిందని, కానీ చెయ్యి అక్కడే ఉంచమని.

దీనికి బిల్లు లేదు, అనుమానమంతా అక్కడే. 1980లో ఒక అమెరికా వైద్యపత్రికలో గ్వాటెమాలా ఆసుపత్రి సంగతి ఒకటి వచ్చింది. తొలి కాన్పుకొచ్చిన వాళ్ల పక్కన ఏ ట్రైనింగూ లేని, ముక్కూమొహం తెలియని మామూలు ఆడమనిషిని కూర్చోబెట్టారు. పక్కన మనిషి లేనివాళ్లకి చేరినప్పటి నుంచి కాన్పు దాకా సగటున 19.3 గంటలు పడితే, మనిషి ఉన్నవాళ్లకి 8.8 గంటలే పట్టింది. ఎంత నష్టమో ఆలోచించండి. 'ఉమ్మనీరు తగ్గిందమ్మా', 'బిడ్డ మెడకి పేగు చుట్టుకుందమ్మా' అని చెప్పి సంతకం పెట్టించుకోవడానికి పదిన్నర గంటల తీరిక పోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల కాన్పుల్లో 81.5 శాతం పెద్దాపరేషన్లే. ఆంధ్రప్రదేశ్ 63 దగ్గరే వెనకబడిపోయింది, పెట్టుబడులు రావాలి. పంతులుగారు 9 గంటల 42 నిమిషాలకి ముహూర్తం రాసిస్తే కత్తి సరిగ్గా టైముకి వస్తుంది. చెయ్యి పట్టుకునేవాళ్లు ఆ గ్యారంటీ ఇవ్వగలరా?

ఇంకో నష్టం సంస్కృతికి. ఈ గదులకి తరతరాల సుప్రభాతం ఒకటుంది. 'మొగుడి పక్కన పడుకున్నప్పుడు లేని అరుపులు ఇప్పుడెందుకే?' మూడో మనిషి ఎదురుగా ఉంటే ఈ మాట గొంతు దాటదు. ఆ రాత్రి సిస్టర్‌గారు రెండుసార్లు 'మొగుడి...' దాకా వచ్చి, నన్ను చూసి, దగ్గి, 'మొగుడికి ఫోన్ చేశారా?' అని సర్దుకున్నారు. ఆవిడ తప్పు కూడా ఏముందిలెండి. టేబుళ్లు నాలుగు, ఆవిడ ఒక్కతే. పొద్దున్నుంచి అన్నం తిన్నట్టు కూడా లేదు.

ఇక అసలు నేరం. షరతుల్లో ఆఖరిది నేను పైన రాయలేదు, కావాలనే. తోడు వచ్చినవాళ్లు పక్క ఆడవాళ్ల జోలికి వెళ్లకూడదు. అవతలి టేబుల్ మీద ఉన్న పిల్లకి పంతొమ్మిది ఉంటాయేమో. వాళ్లమ్మకి తండా నుంచి ఆఖరి బస్సు దొరకలేదు. ఆ పిల్ల అరవలేదు, నన్ను పిలవలేదు. కళ్లు మూసుకుని గాల్లోకి చెయ్యి చాపింది, అంతే. చీకట్లో స్విచ్ కోసం వెతికినట్టు. నా కుడిచెయ్యి మా అమ్మాయి నడుం మీద ఉంది. ఎడమది ఖాళీగా ఉంది. అది నన్ను అడగలేదు.

నా ఉంగరం వేలిలోకి దిగి అచ్చు పడింది. రెండ్రోజులు పోలేదు.

నాలుగింటికి మా అమ్మాయికి ఆడపిల్ల. అయిదుకి ఆ పిల్లకి మగపిల్లాడు. సిస్టర్‌గారు రిజిస్టర్‌లో రెండో పేరు ఎదురుగా కూడా ఏమీ అడక్కుండా 'పిన్ని' అనే రాశారు. ఇంతలో ఆయమ్మ వచ్చింది. పసివాణ్ణి తెల్లగుడ్డలో చుట్టి, మొహం మాత్రం కప్పి పట్టుకుంది. 'ఆడపిల్లకి మూడొందలు, మగపిల్లాడికి అయిదొందలు పిన్నిగారూ, మొత్తం ఎనిమిది' అంది.

'చూస్తున్నావుగా తల్లీ, రెండు చేతులూ ఖాళీ లేవు' అన్నాను.