మంగళగిరి గురించే కాదు, బెరీ గురించి కూడా రాద్దాం

మన తెలుగు సంఘం పత్రిక పాత సంచికలన్నీ మొన్న చలికాలంలో ఒకచోట పెట్టుకుని చదివాను. సంక్రాంతి ముగ్గులు, కృష్ణా పుష్కరాలు, తాటిముంజలు, వేసవి సెలవుల్లో అమ్మమ్మగారిల్లు. మనవాళ్ళు బాగా రాస్తారు. మంగళగిరి తిరునాళ్ళ గురించి నేనూ ఒకసారి రాశాను. అయితే చదువుతూ పోయేకొద్దీ ఒక సంగతి నన్ను బాధపెట్టింది. మా తరం డాక్టర్లం పాతికేళ్ళ వయసులో ఇండియా వదిలాం. ఆ తర్వాత నలభై ఏళ్ళు ఇంగ్లండు ఉత్తరాన బర్న్‌లీలోనో, రాచ్‌డేల్‌లోనో, విగన్‌లోనో, బెరీలోనో బతికాం. పిల్లల్ని కన్నది అక్కడే, ఇల్లు కొన్నది అక్కడే, రిటైరయిందీ అక్కడే. ఆ ఊళ్ళ మీద ఒక్క పూర్తి పేజీ ఏ సంచికలోనూ లేదు.

ఇది చిన్న లోటు కాదని నా ఉద్దేశం. జ్ఞాపకాలంటే పుట్టిన ఊరివే అని మనకు మనమే ఒక గిరి గీసుకున్నాం. దాంతో జీవితంలో సగానికి పైగా కాలం లెక్కలోకి రాకుండా పోతోంది. 1970లలో, 80లలో వచ్చిన డాక్టర్లు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వాళ్ళతోపాటే ఇంగ్లండులో మిల్లులు మూతపడుతున్న రోజులను తెలుగు కళ్ళతో చూసిన సాక్ష్యమూ పోతోంది.

నాకు తెలిసిన ఊరు బెరీ. మాంచెస్టర్‌కి ఉత్తరాన, ట్రామ్‌లో అరగంట దూరం. నేను 1981లో ఈ ప్రాంతానికి వచ్చేసరికి ట్రామ్ లేదు. పాత కరెంటు రైలు ఉండేది, 1992లో దాని పట్టాల మీదే ట్రామ్ వచ్చింది. ఊరి చుట్టూ ఎర్ర ఇటుక మిల్లులు, పొగ రాని పొగగొట్టాలు. కొన్ని మిల్లుల్లో కార్పెట్లు అమ్మేవాళ్ళు, కొన్నింటి కిటికీ అద్దాలు పగిలి పావురాలు ఉండేవి. మధ్యలో సంత. ఆ సంతకు దాదాపు ఆరువందల ఏళ్ళ చరిత్ర ఉంది. బుధ, శుక్ర, శనివారాల్లో వందల దుకాణాలు తెరిచేవి, యార్క్‌షైర్ నుంచి కూడా బస్సులు కట్టించుకుని వచ్చేవాళ్ళు.

మొదటి ఏడాది నాకు దిగులు లేకుండా చేసింది ఆ సంతే. సూపర్ మార్కెట్లో ఎవరూ మాట్లాడరు, సంతలో మాట్లాడకుండా ఎవరూ వదలరు. గజాల లెక్కన బట్ట కోసి ఇచ్చే ఆయన నా చీర అంచు పట్టుకుని చూసి, నేత బాగుందని, ఎన్నో నంబరు నూలు అని అడిగాడు. ఆ ప్రశ్న హైదరాబాదులో కూడా నన్ను ఎవరూ అడగలేదు. ఆయన తల్లి, మేనత్తలు అందరూ మిల్లులో మగ్గాల మీద పనిచేసినవాళ్ళే. చేపల దుకాణంలో తలకాయ పారేయకుండా ఇమ్మంటే ఆశ్చర్యపోలేదు, ఇంకో రెండు ఉత్తినే వేశారు. బ్లాక్ పుడ్డింగ్‌కి బెరీ పెట్టింది పేరు. పంది రక్తం, కొవ్వు, గింజలు కలిపి పేగులో నింపి ఉడికిస్తారు, వేడిగా నిలువునా కోసి ఆవాల ముద్ద రాసి ఇస్తారు. నేను ముట్టలేదు గానీ మా ఆయన మాత్రం, చిన్నప్పుడు ఆదివారాలు తిన్న నల్ల (నెత్తురు) వేపుడు గుర్తొస్తోందంటూ ప్రతి శనివారం నిలబడి తినేవారు. కరివేపాకు, కొత్తిమీర కావాలంటే బోల్టన్‌కో మాంచెస్టర్‌కో వెళ్ళాల్సిందే.

సంత పక్కనే కే గార్డెన్స్ అని చిన్న పార్కు, మధ్యలో గుమ్మటం ఉన్న రాతి కట్టడం. 1908లో కట్టారు. చాలాకాలం ఆ పక్కనుంచి సంచులు మోసుకుంటూ పోయాను తప్ప ఎవరి కోసం కట్టారో చూడలేదు. ఒకరోజు వానకు దాని కింద ఆగి చదివితే జాన్ కే అని ఉంది. 1704లో ఈ ఊరి దగ్గరే పుట్టాడు. 1733లో, నేతగాడు తాడు లాగితే నాడె, అంటే అడ్డదారాన్ని మోసే చెక్క సాధనం, తనంతట తానే ఈ చివర నుంచి ఆ చివరకి దూకే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు నాడెను చేత్తో విసిరి చేత్తో అందుకోవాలి. వెడల్పు బట్టకు ఇద్దరు కావాలి.

నేను పుట్టింది మంగళగిరి మగ్గాల వీధిలో. మా తాతయ్య గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, కుడిచేత్తో తాడు లాగుతూ ఉంటే వచ్చే టకటక శబ్దంలోనే నేను అక్షరాలు దిద్దుకున్నాను. ఆ తాడు, ఆ దూకే నాడె ఎక్కడి నుంచి వచ్చాయని ఎప్పుడూ అనుకోలేదు. మన కోస్తా నేత ఊళ్ళలో ఆ పద్ధతి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బాగా వ్యాపించింది. అంటే మా ఇంట్లో మూడు పూటలా అన్నం పెట్టిన సాధనం, నేను కూరగాయలు కొనుక్కునే ఈ సంత పక్కన పుట్టినాయన బుర్రలోంచి వచ్చింది. ఆ వాన వెలిసినా నేను అక్కడి నుంచి కదల్లేకపోయాను. కేకి బట్ట నేయించే వ్యాపారులు డబ్బు ఎగ్గొట్టారు, కోర్టుల చుట్టూ తిరిగి చితికిపోయి ఫ్రాన్సు వెళ్ళాడు, పేదవాడిగానే పోయాడు. ఇంకొకరి మగ్గం మీద బతికిన కుటుంబం నుంచి వచ్చినదాన్ని కాబట్టి ఆ కథ నాకు పరాయిదిగా అనిపించలేదు.

ఈ ముడి ఒకవైపుదే కాదు. బెరీ సెంటర్లో విగ్రహం ఉన్న రాబర్ట్ పీల్ ఇక్కడే 1788లో పుట్టాడు. 1829లో లండన్ పోలీసు వ్యవస్థ పెట్టాడు, రెండుసార్లు ప్రధాని అయ్యాడు. పీల్ కుటుంబం ఆస్తి ఎక్కడిదంటే నూలుబట్ట మీద అద్దకం పని నుంచి వచ్చినదే. ఇంగ్లండుకు ఆ అద్దకం మోజు పట్టించినది మన తీరం. మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ 1611లోనే కొట్టు తెరిచింది. అక్కడి కలంకారీ, అద్దకం బట్టలు ఇక్కడి ఆడవాళ్ళకు ఎంత నచ్చాయంటే, ఉన్ని, పట్టు నేతగాళ్ళు గోల చేసి 1700లో దిగుమతిని, 1721లో వాడకాన్నే చట్టంతో ఆపించారు. 1774లో ఆ నిషేధం ఎత్తేసేనాటికి ఆ పని ఇక్కడివాళ్ళు నేర్చేసుకున్నారు. తర్వాత ఈ మిల్లుల ప్రాంతమైన లంకాషైర్ బట్ట మన నేతగాళ్ళను ఎలా ముంచిందో మనందరికీ తెలుసు. అది మరచిపోమని నేను అనను. 1931లో గాంధీగారు ఇక్కడికి దగ్గర్లోని డార్వెన్ వచ్చి, స్వదేశీ ఉద్యమం వల్ల పనులు పోయిన మిల్లు కూలీలతో మాట్లాడారు. ఆడకూలీలు ఆయన చుట్టూ చేరి చేతులెత్తి కేరింతలు కొడుతున్న ఫొటో చూడనివాళ్ళుండరు. వాళ్ళకు కోపం రావడానికి కారణముంది, అయినా ఆదరించారు. మగ్గం మీద బతికేవాళ్ళ కష్టం వాళ్ళకు తెలుసు.

ఆ తరం ఆడవాళ్ళే ముసలివాళ్ళయి నా వార్డుకు వచ్చారు. మనలాంటి డాక్టర్లకు ఆ రోజుల్లో వృద్ధుల వైద్యం, మానసిక వైద్యం, చిన్న ఊళ్ళ క్లినిక్కులు, ఇవే దొరికేవి. సర్జరీ మీద, గుండె జబ్బుల మీద ఆశపడినవాళ్ళు ఎందరో ఇంటర్వ్యూ తర్వాత ఇంటర్వ్యూలో వెనక్కి వచ్చారు. మా తరం అందరి గొంతులోనూ ఆ చేదు ఉంది, అదీ రాయాలి. వీధిలో పోతుంటే వినకూడని మాటలు విన్నాం, అవీ రాయాలి. కానీ నాకు దొరికిన ఆ వృద్ధుల వార్డు నన్ను ఈ ఊరి మనిషిని చేసింది. నేను దాన్ని ఇప్పుడు ఏ పెద్ద ఉద్యోగానికీ మార్చుకోను.

మిల్లులో మగ్గాల రొదకు చెవులు పోయిన ఆడవాళ్ళు వాళ్ళు. పెదవులు పెద్దగా కదుపుతూ శబ్దం లేకుండా మాట్లాడుకునేవాళ్ళు, మిల్లులో అలవాటైన పద్ధతి అది. ఎదురుగా కూర్చుని మొహం చూపిస్తూ నిదానంగా మాట్లాడితే చాలు, నా గుంటూరు ఇంగ్లీషు వాళ్ళకు ఇబ్బంది అయ్యేది కాదు. దూది ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు చాలామందికి ఉండేది. ఆదివారం సెలవు తర్వాత సోమవారం మిల్లులోకి అడుగుపెట్టగానే ఛాతీ పట్టేసేదని చెప్పేవాళ్ళు. పుస్తకంలో ఒక పేరాగా చదివిన జబ్బు వాళ్ళ నోట జీవితంగా వినిపించేది.

ఒకావిడ ముందరి పళ్ళు చూపించి, ఇవి నాడె తినేసిందమ్మా అంది. దారం చుట్టిన కండె మార్చినప్పుడల్లా నాడె కంటిలోంచి దారాన్ని నోటితో పీల్చి బయటికి లాగాలి, రోజుకు వందల సార్లు. ఒకరి నోటి రోగాలు ఇంకొకరికి అంటుతాయని 1952లో ఆ పద్ధతిని నిషేధించారు. మా తాతయ్య కూడా అలాగే పీల్చేవాడని చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, అయితే నువ్వు మా మనిషివే అంది. ఆ తర్వాత వార్డులో అందరికీ నేను నేతగాడి మనవరాలినే.

ఇలాంటివి నా ఒక్కదానికే జరిగి ఉండవు. గుంటూరు, విశాఖ, కాకినాడ, వరంగల్ మెడికల్ కాలేజీల నుంచి వచ్చిన ఎందరో ఓల్డ్‌హామ్‌లో, బార్న్స్‌లీలో, డాన్‌కాస్టర్‌లో ఇవే వార్డుల్లో ఉన్నారు. బొగ్గు గనుల ఊళ్ళలో పనిచేసినవారికి 1984-85 సమ్మె రోజులు తెలుసు. రొట్టె కొనడానికి డబ్బుల్లేని ఇళ్ళకు రాత్రిపూట వెళ్ళి మందులిచ్చిన మనవాళ్ళున్నారు. పార్టీల్లో భోజనాల దగ్గర చెబుతారు, ఇంటికొచ్చి రాయరు. అడిగితే, మనదెవరికి కావాలండీ అంటారు.

మనకే కావాలి. మన పిల్లలకు సొంతూరు ఏదంటే బెరీయే. నా కూతురు మంగళగిరిలో చుట్టం, ఇక్కడ ఊరిపిల్ల. గుడ్ ఫ్రైడే నాడు ఊరంతా హాల్కంబ్ కొండ ఎక్కి, పీల్ పేరు మీద కట్టిన 128 అడుగుల గోపురం దగ్గరికి చేరడం ఇక్కడి ఆచారం. దానికి తను చిన్నప్పటి నుంచి వెళ్ళింది, ఇప్పుడు తన పిల్లల్ని తీసుకెళుతోంది. మా ఇంట్లో ఉగాది పచ్చడి ఎంతో ఆ కొండా అంతే.

ఊరికి కూడా మన అవసరం ఉంది. ఊరి సొత్తును నాది అనుకునేవాళ్ళు తగ్గితే ఏమవుతుందో బెరీలో కళ్ళారా చూశాను. 2006లో కౌన్సిల్ ఖర్చులకు డబ్బు చాలక, ఊరి మ్యూజియంలోని లౌరీ చిత్రాన్ని వేలంలో 12.5 లక్షల పౌండ్లకు అమ్మేసింది. మిల్లు పనివాళ్ళను, పొగగొట్టాలను జీవితమంతా గీసిన చిత్రకారుడి బొమ్మ అది, ఈ గోడల మీద తప్ప ఇంకెక్కడుండాలి? మ్యూజియానికి గుర్తింపు కూడా పోయింది. 1885లో పుట్టిన బెరీ ఫుట్‌బాల్ క్లబ్బు ఇంగ్లండు పెద్ద ఫుట్‌బాల్ పోటీ అయిన ఎఫ్.ఏ. కప్ 1903 ఫైనల్లో ఆరు గోల్స్ కొట్టి ఒక్కటీ ఇవ్వకుండా గెలిచింది. అలాంటి క్లబ్బును 2019 ఆగస్టులో అప్పుల కారణంగా లీగ్ నుంచి తీసేశారు. ఆ రోజు క్లబ్బు మైదానం గిగ్ లేన్ గేటు దగ్గర డెబ్భై ఏళ్ళ మగవాళ్ళు బాహాటంగా ఏడ్చారు, వాళ్ళలో నా పేషెంట్లు ఉన్నారు. అయితే వాళ్ళే చందాలు వేసుకుని, సమావేశాలు పెట్టి, కొట్లాడి, 2023లో అదే మైదానంలో కింది స్థాయి లీగులో మళ్ళీ ఆట మొదలుపెట్టించారు. ఆ ఏడాదే సంత లోపలి హాలును పైకప్పు కాంక్రీటు బలహీనమని మూసేశారు. దుకాణాలు బయటికి మారాయి.

ఆ సంతకు మనం వెళ్ళడం మానేశాం. అందరం మాంచెస్టర్ దక్షిణాన మంచి స్కూళ్ళ వైపు మారాం, కరివేపాకు ఇప్పుడు ఇంటికే వస్తుంది. పిల్లల భవిష్యత్తు కోసం మారడంలో తప్పేమీ లేదు. కానీ మన సంఘం పిక్నిక్ ఏటా ఏదో థీమ్ పార్కుకే ఎందుకు? 1987లో స్వచ్ఛంద సేవకులు తిరిగి నడిపించిన ఆవిరి రైలు బెరీ బోల్టన్ స్ట్రీట్ స్టేషన్ నుంచి ర్యామ్స్‌బాటమ్ వెళుతుంది. దానిలో వెళ్ళి, పక్కనే ఉన్న హాల్కంబ్ కొండెక్కి, తిరిగి బెరీ వచ్చి సంతలో కొనుక్కుని రావచ్చు. దారిలో కే గార్డెన్స్ చూపించి, మంగళగిరి, చీరాల, పోచంపల్లి పిల్లలకు వాళ్ళ తాతల మగ్గం కథ చెప్పవచ్చు.

పత్రిక సంపాదకవర్గానికి నా విన్నపం ఒకటే. వచ్చే సంచిక నుంచి నాలుగు పేజీలు మనం బతికిన ఊళ్ళకు కేటాయించండి. వార్డు, క్లినిక్, పక్కింటివాళ్ళు, సంత, సమ్మె, అవమానం, స్నేహం, ఏదైనా సరే. డాక్టర్లే కానక్కర్లేదు. వాళ్ళ భార్యలు, భర్తలు ఎక్కువ రాయగలరు, ఎందుకంటే రోజంతా ఊరితో మసిలింది వాళ్ళే. తెలుగులో టైపు చేయడం రానివాళ్ళుంటే నాకు ఫోన్ చేయించండి. నేను వచ్చి కూర్చుని, రికార్డు చేసుకుని, రాసి పెడతాను, శనివారాలు నాకు ఖాళీ. పోగైనవాటికి ఇంగ్లీషు చేయించి, బెరీ మ్యూజియం భవనంలోనే ఉన్న ఊరి ఆర్కైవ్స్‌లో ఒక ప్రతి ఇద్దాం. ఓల్డ్‌హామ్, బర్న్‌లీ, డాన్‌కాస్టర్ వాళ్ళు తమ ఊరి లైబ్రరీకి ఇవ్వండి. ఎనభై దాటిన పెద్దలతో మొదలుపెడదాం. నాకు తెలిసిన పేర్ల జాబితా ఈ వారమే పంపుతున్నాను.