ముందు చెత్తడబ్బాకు తాళం, తర్వాతే తుపాకి మాట

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో నల్ల ఎలుగుబంట్లు పెరిగాయి. ఇందులో అనుమానం ఏమీ లేదు, వేట వద్దనేవాళ్లు కూడా ముందు ఈ సంగతి ఒప్పుకుని ఆ తర్వాత మాట్లాడితే బాగుంటుంది. రాష్ట్ర పర్యావరణ శాఖ అంచనా ప్రకారం ఇవి 1,000 నుంచి 1,200 దాకా ఉన్నాయి, ఎక్కువ భాగం రాష్ట్రానికి వాయవ్య మూలన. 2022 ఒక్క ఏడాదిలోనే ఎలుగు ఇంట్లోకి దూరిన ఘటనలు 67. చుట్టుపక్కల మసాచుసెట్స్‌లో, న్యూయార్క్‌లో వేట సీజన్ ఉంది కదా, ఇక్కడెందుకు ఉండకూడదన్న ఒత్తిడి ఏడాదికేడాది ఎక్కువవుతోంది, పర్యావరణ శాఖ కూడా పరిమితమైన వేట వైపే మొగ్గుతోంది. ఆ వాయవ్య మూలనున్న లిచ్‌ఫీల్డ్ కౌంటీ వరకైనా వేటకు అనుమతించాలన్న ప్రతిపాదన 2023లో శాసనసభ ముందుకు వచ్చింది, చివరికి బిల్లులోంచి దాన్ని తీసేశారు. అయినా ఆ మాట ఇంకా నలుగుతూనే ఉంది.

మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. సంఖ్య పెరగడం ఒక్కటే వేటకు కారణం కాదు. జనం భయపడుతున్నది అడవిలో ఉన్న ఎలుగును చూసి కాదు, గరాజ్‌లోకి వచ్చిన ఎలుగును చూసి. వేటగాడికి దొరికేది మాత్రం అడవిలో ఉన్నదే.

పెరిగాయి అంటున్నప్పుడు ఎక్కడి నుంచి పెరిగాయో కూడా చూడాలి. 1800ల మధ్యకల్లా ఈ రాష్ట్రంలో ఎలుగుబంటి అన్నదే లేకుండా పోయింది. అడవులు నరికి పొలాలు చేశారు, కంటపడిన జంతువునల్లా చంపారు. తర్వాత ఆ రాళ్ల నేలల్లో సేద్యం గిట్టక రైతులు పొలాలు వదిలేశారు, వదిలేసిన చోట ఓక్ చెట్లు మళ్లీ లేచాయి, 1980ల నాటికి ఎలుగులు తిరిగి వచ్చి ఇక్కడే పిల్లలు పెట్టడం మొదలైంది. ఆడ ఎలుగు రెండేళ్లకోసారే ఈనుతుంది, నడి చలికాలంలో, జనవరిలో, గుహలోనే రెండో మూడో పిల్లలు. వందేళ్లకు పైగా ఖాళీగా ఉన్న చోటికి ఇంత నెమ్మదిగా తిరిగొచ్చిన జంతువు గురించి మాట్లాడుకుంటున్నాం.

అలాగని భయాన్ని తక్కువ చేసి మాట్లాడం. 2022 అక్టోబరులో మోరిస్ అనే ఊళ్లో పదేళ్ల పిల్లవాడు తాతయ్య వాళ్ల పెరట్లో ఆడుకుంటుంటే ఎలుగు మీదపడి కరిచింది, ఆ పెద్దాయన అడ్డం వెళ్లి దాన్ని కొట్టి తరమబట్టి పిల్లవాడు బయటపడ్డాడు. 2023 ఏప్రిల్‌లో ఏవన్‌లో కుక్కను తిప్పడానికి బయటికి వచ్చిన 74 ఏళ్ల ఆవిడను కరిచింది. హార్ట్‌ఫర్డ్ ఇన్సూరెన్స్ కంపెనీల్లో పని చేస్తూ ఏవన్, ఫార్మింగ్టన్, సిమ్స్‌బరీల్లో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పిల్లల్ని స్కూల్ బస్సు దాకా పంపాలన్నా, సాయంత్రం పూట ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు వాకింగ్‌కు వెళ్లాలన్నా వాళ్లకు టెన్షనే. ఆ టెన్షన్ నిజం. అది తగ్గాలనే మేమూ కోరుకుంటున్నాం, అందుకే వేట దాన్ని తగ్గిస్తుందా లేదా అన్నదే అడుగుతున్నాం.

కనెక్టికట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ముళ్లతీగకు చిక్కుకున్న ఎలుగు వెంట్రుకలు సేకరించి, జన్యు పరీక్షలు చేసి ఏ చోట ఎన్ని ఉన్నాయో లెక్కగట్టారు. దట్టమైన అడవిలో కంటే, ఇళ్లూ చెట్లూ కలిసి ఉండే ఊరి శివార్లలోనే అవి ఎక్కువ సాంద్రతతో ఉన్నాయని తేలింది. ఇక్కడి చట్టం ప్రకారం జనం ఉండే భవనానికి 500 అడుగుల లోపు తుపాకితో వేటాడకూడదు. ఈ రెండూ కలిపి చూస్తే సంగతి అర్థమవుతుంది: ఏ ఎలుగు మన చెత్తడబ్బా తిరగేస్తోందో అది తుపాకికి అందని చోట ఉంది, తుపాకికి అందేది ఎవరి జోలికీ పోకుండా కొండ మీద ఓక్ కాయలు ఏరుకుంటోంది. విల్లుతో వేటాడొచ్చు కదా అంటారు. బాణం దిగిన ఎలుగు అక్కడే పడిపోతుందన్న నమ్మకం ఏముంది? అది ఎవరి పెరట్లోకి పరిగెత్తి పడిపోతుందో, అప్పుడు అక్కడ ఎవరుంటారో ఆలోచించాలి.

కొన్నింటిని చంపితే మిగతావాటికి మనుషులంటే భయం పుడుతుందన్న వాదన మేము చాలాసార్లు విన్నాం. ఎలుగు మందగా తిరిగే జంతువు కాదు, ఒంటరిది. పక్కదాన్ని కాల్చడం చూసి నేర్చుకోవడానికి సాధారణంగా పక్కన ఇంకోటి ఉండదు. అది నిజంగా నేర్చుకునేది తల్లి దగ్గర, తల్లి వెంట ఏడాదిన్నర తిరుగుతూ. తల్లి ప్రతి మంగళవారం రాత్రి ఒకే వీధిలో చెత్తడబ్బాలు తిప్పితే పిల్లలూ అదే నేర్చుకుంటాయి.

ఇక వేట ఉన్న చోట ఏమైందో చూద్దాం. ఇందులో మా వాదనకు అడ్డొచ్చే సంగతి కూడా ఉంది, దాన్ని దాచం. న్యూజెర్సీలో 1971 తర్వాత ఆపేసిన వేటను 2003లో మళ్లీ తెరిచారు, మధ్యలో ఆపారు, 2010లో తిరిగి పెట్టినప్పుడు ఒక్క సీజన్‌లోనే దాదాపు 590 చనిపోయాయి. వేట ఆపేస్తానని చెప్పి గెలిచిన గవర్నర్ ఫిల్ మర్ఫీయే 2022 నవంబరులో మాట మార్చుకుని మళ్లీ అనుమతించారు. వేట లేని కాలంలో ఫిర్యాదులు అంతకుముందు ఏడాదితో పోలిస్తే 237 శాతం పెరిగాయని ప్రభుత్వం చెప్పింది. ఆ రాష్ట్రం మీదే జరిగిన ఒక పరిశోధన కూడా, వేటతో పాటు ఫిర్యాదు వచ్చిన ప్రతిచోటా సిబ్బంది వెంటనే వెళ్లి చర్య తీసుకోవడం వల్ల గొడవలు తగ్గాయని తేల్చింది. మేము ఆ రెండో భాగాన్ని వదలకుండా చదవమంటున్నాం. వందల సంఖ్యలో చంపారు, దానికి తోడు ఇంటింటికీ సిబ్బంది వెళ్లారు. ఇంకొకటి కూడా గుర్తు చేయాలి. 2014 సెప్టెంబరులో వెస్ట్ మిల్‌ఫర్డ్ అడవిలో స్నేహితులతో నడకకు వెళ్లిన రట్గర్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి, మన భారతీయ కుటుంబానికి చెందిన పిల్లవాడు, ఎలుగు దాడిలో చనిపోయాడు. ఆ రాష్ట్ర రికార్డుల్లో అలాంటి మరణం అదే మొదటిది. అప్పటికి అక్కడ వరుసగా నాలుగేళ్లుగా వేట జరుగుతూనే ఉంది. ఒక్క ఘటనతో ఏదీ రుజువు కాదు, కానీ వేట పెడితే ఇక పిల్లలు క్షేమమని ఎవరైనా మాట ఇస్తే నమ్మొద్దు.

కెనడాలోని ఒంటారియోలో ఇంకా స్పష్టంగా తేలింది. అక్కడ 1999లో వసంతకాలపు వేట రద్దు చేశారు, 2014లో కొన్ని ప్రాంతాల్లో ప్రయోగంగా మళ్లీ తెరిచారు. తెరిచిన ప్రాంతాలనూ తెరవని వాటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, వేట వల్ల మనుషులతో గొడవలు తగ్గలేదని 2023లో వచ్చిన అధ్యయనం చెప్పింది. గొడవలు ఎప్పుడు పెరుగుతాయంటే, అడవిలో పళ్లు సరిగా కాయని ఏడాది. శరదృతువులో ఎలుగు చలినిద్రకు ముందు కొవ్వు పట్టించుకోవాలి, రోజుకు 20,000 క్యాలరీల దాకా తింటుంది. కొండ మీద కాయలు లేకపోతే ఆ ఆకలి ఊళ్లోకి దిగుతుంది. ఎన్ని ఉన్నాయన్నదానికంటే ఎంత ఆకలితో ఉన్నాయి, ఎవరింట్లో తేలిగ్గా తిండి దొరుకుతోంది అన్నవే అసలు ప్రశ్నలు.

ఫ్లోరిడా అనుభవం వేరే పాఠం. 2015లో వారం రోజులు అనుకున్న సీజన్‌ను రెండు రోజులకే ఆపేయాల్సి వచ్చింది, అంతలోనే 300కు పైగా చచ్చిపోయాయి, వాటిలో పాలిచ్చే తల్లులూ ఉన్నాయి. కనెక్టికట్‌లో మొత్తం ఉన్నవే వెయ్యి చిల్లర.

ఇప్పుడు మన ఇళ్ల సంగతికి వద్దాం, ఎందుకంటే తేల్చాల్సింది ఇక్కడే. 2023 మేలో ఏవన్‌లోని ఒక బేకరీ గరాజ్‌లోకి ఎలుగు వచ్చి 60 కప్‌కేకులు తినేసి వెళ్లింది. ఆ వీడియో చూసి అందరూ నవ్వుకున్నారు, మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఇలాంటివి తెగ తిరుగుతుంటాయి. కానీ ఆ ఎలుగు ఆ రోజు నేర్చుకున్నది మాత్రం తర్వాతి గరాజ్ దగ్గర ఇంకొకరి ప్రాణం మీదికి తేవచ్చు. మన తెలుగు ఇళ్లలో గరాజ్‌లో రెండో ఫ్రిజ్ ఉండటం మామూలే, పండగ వంటల మిగులంతా అందులోనే, బియ్యం బస్తాలు, ఇండియా నుంచి తెచ్చుకున్న పచ్చడి జాడీలు, నెయ్యి డబ్బాలు కూడా అక్కడే. పిల్లలు సైకిళ్లు తీస్తారని మధ్యాహ్నమంతా ఆ తలుపు ఎత్తే ఉంటుంది. వేసవిలో పెరట్లో పెద్ద గిన్నెలో బిర్యానీ వండుకుని, నూనె ఓడుతున్న ప్లేట్లన్నీ మూత సరిగా పడని డబ్బాలో పడేసి లోపలికి వెళ్లిపోతాం. పొద్దున్నే పక్షులకు గింజలు చల్లడం పుణ్యమని మన పెద్దవాళ్ల నమ్మకం, ఆ మంచి మనసును మేము తప్పు పట్టం, కానీ మార్చి నుంచి నవంబరు దాకా ఆ గింజలు ఎలుగుకు పిలుపే. 2023 చట్టం తెలిసి మేత పెట్టడాన్ని నిషేధించింది. తెలియక పెడుతున్నది దానికంటే ఎంతో ఎక్కువ.

కొలరాడోలోని డురాంగోలో 2011 నుంచి 2016 దాకా దీన్నే పరీక్షించి చూశారు. ఎలుగు తెరవలేని చెత్తడబ్బాలు వెయ్యికి పైగా ఇళ్లకు ఉచితంగా ఇచ్చారు, ఇవ్వని వీధులతో పోల్చి చూస్తే ఇచ్చిన వీధుల్లో చెత్త వల్ల వచ్చే గొడవలు 60 శాతం తక్కువ. అయితే డబ్బా ఇస్తే సరిపోలేదు, జనం దాని గొళ్లెం సరిగా వేసిన చోటే పని చేసింది. ఒక్క తూటా కూడా పేల్చకుండా వచ్చిన ఫలితం ఇది. వేట సీజన్ గురించి ఏళ్ల తరబడి కొట్టుకుంటున్న శాసనసభ్యులు ఈ డబ్బాల ఖర్చు ఎవరు పెట్టాలన్నదాని మీద అందులో సగం పట్టుదల చూపించినా బాగుండేది.

శ్రీకాకుళం ఉద్దానం నుంచి వచ్చిన మన పాఠకులు మా మీద కోపగించుకోవచ్చు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు ఒకరిని చంపేసి, మర్నాడు మరికొందరిని గాయపరిచింది. మత్తుమందు ఇచ్చి పట్టుకున్న ఆ జంతువు కూడా విశాఖ జూకు తరలిస్తుండగా చనిపోయింది. జీడి తోటకు వెళ్లాలంటే ప్రాణం అరచేతిలో పెట్టుకోవాల్సిన రైతుకు, ఇక్కడ ఏవన్‌లో కూర్చుని ఎలుగు మీద జాలి చూపడం తప్పుగా తోస్తుంది. అక్కడి ఎలుగుది వేరే జాతి, ఎదురుపడితే మీదికి దూకే స్వభావం దానిది. ఇక్కడి నల్ల ఎలుగు చాలావరకు గట్టిగా అరిస్తే చెట్టెక్కేస్తుంది లేదా పారిపోతుంది. చిన్నప్పుడు గుడ్డెలుగు కథలు విని పెరిగిన భయాన్ని ఇక్కడి జంతువు మీద మోపకూడదు. ఉద్దానంలో కూడా జనం అడుగుతున్నది ఊళ్ల మీద పడే ఎలుగుల నుంచి కాపాడమనే, అడవిలో ఉన్నవాటిని లెక్కగట్టి కాల్చమని కాదు.

మనుషుల మీదికి వచ్చిన ఎలుగును చంపడాన్ని మేము వ్యతిరేకించడం లేదు. ఇప్పటికే ఉన్న చట్టం ప్రకారం ప్రాణానికి ముప్పు వచ్చినా, జనం ఉన్న ఇంట్లోకి దూరినా కాల్చవచ్చు, పంట నష్టపోయిన రైతు అనుమతి తీసుకోవచ్చు. పదేపదే ఇళ్లలోకి వస్తున్న ఎలుగును గుర్తించి తొలగించే పని పర్యావరణ శాఖ ఇంకా వేగంగా చేయాలి, దానికి సిబ్బందిని ఇవ్వాలి. అది ఆ ఒక్క జంతువుతో తేలే లెక్క. సీజన్ అలా కాదు, అది ఏ ఎలుగన్న తేడా చూడదు.

కాబట్టి శాసనసభను మేము కోరేది ఇది. ముందు ఎలుగులు ఎక్కువగా తిరిగే పట్టణాలన్నింటిలో గొళ్లెం ఉన్న చెత్తడబ్బాలు తప్పనిసరి చేయండి, కొనలేని ఇళ్లకు డబ్బు ఇవ్వండి, అపార్ట్‌మెంట్ల చెత్తకుండీలకు బాధ్యత యజమానులదే అని రాసి పెట్టండి. మూడు నాలుగేళ్లు ఫిర్యాదులను ఊరి వారీగా లెక్కబెట్టి అందరికీ చూపించండి. ఇవన్నీ నిజంగా చేశాక కూడా ఇళ్లలోకి దూరే ఘటనలు తగ్గకపోతే, అప్పుడు ఎన్ని, ఎక్కడ, ఏ నెలలో అన్న లెక్కతో వేట ప్రతిపాదన తెండి. ఆ రోజు మేము అడ్డు చెప్పం, ఈ పేజీలోనే మళ్లీ రాస్తాం.