మంత్రం బలం సరే, ఎంతసేపు నిలవాలె?

మొన్న ఆదివారం హన్మకొండల మా డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట (బల్ల చుట్టు కూసొని, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర కట్టి, పాచికలేసుకుంట కథ నడిపే ఆట) మధ్యలనే ఆగిపోయింది. ఎవ్వరం గొడవ పడలే. పార్టీ, అంటే మా పాత్రల గుంపు, అడ్డం లేకుంట కోట లోపలికి నడుచుకుంట పోయింది, ఇగ ఆడటానికి ఏం మిగల్లే. కొత్తగ డీఎంగ (ఆట నడిపించేటోడు) కూసున్న తమ్ముడు ఒక హౌస్ రూల్, అంటే మా సొంత రూల్, పెట్టిండు: నిమిషం ఉండే మంత్రాలన్నీ గంట ఉంటయి. "డామేజ్ పెంచలే కదనే అన్నా, టైమే కదా" అన్నడు. ఆ "టైమే కదా" అన్న మాట మీదనే నా పంచాయితీ అంత.

కోటను మన ఓరుగల్లు కోట లెక్కనే గీసుకున్నం. బయట మట్టి గోడ, లోపల 45 బురుజుల రాతి గోడ. నాలుగు ఆదివారాలు నడవాల్సిన ఆట అది. విజార్డ్ (మంత్రగాడి పాత్ర) గోడ అవతలనే దాక్కొని రోగ్ (దొంగ పాత్ర) మీద గ్రేటర్ ఇన్విజిబిలిటీ, అంటే మనిషిని కనబడకుంట చేసే మంత్రం, వేసిండు. దెబ్బ తగిలితే కదా కాన్సెంట్రేషన్ (మంత్రాన్ని నిలబెట్టే ధ్యాస) పోయేది, ఆయన దాక ఎవడొస్తడు? రోగ్ ఒక్కడే తోరణాల దాక ఊడ్చుకుంట పోయిండు, మిగిలినోళ్లం చూసుకుంట కూసున్నం.

మామూలు ఇన్విజిబిలిటీ రెండో లెవల్ మంత్రం, గంట ఉంటది. గ్రేటర్ నాలుగో లెవల్, నిమిషమే. ఎందుకట్ల? మామూలుదాంట్ల ఎవర్నన్న కొట్టినవా, కనబడిపోతవ్. గ్రేటర్‌ల కొట్టినా కనబడవ్. ఆ బలానికి కట్టే వెలనే ఆ నిమిషం.

రౌండ్ అంటే 6 సెకండ్లు, నిమిషానికి 10 రౌండ్లు. మా దగ్గర ఏ కొట్లాటా అయిదారు రౌండ్లు దాటదు. అంటే నిమిషం అన్నా, ఈ ఒక్క కొట్లాట అన్నా ఒకటే. రెండు నిమిషాలు చేసినా ఫరక్ పడదు. పది నిమిషాలు చేస్తే పక్క గది కూడ దాంట్లకే వస్తది. గంట అయితే డీఎం ఎంత దూరం పోనిస్తే అంత దూరం. 8 గంటలంటే దినమంత. గడియారం చూసి లాభం లేదు, మంత్రం ఎన్ని కొట్లాటలు దాటిస్తదో అది లెక్కపెట్టాలె.

ఈ ఆట తయారు చేసినోళ్లు కూడ ఈ తిప్పలు పడ్డరు. 2000ల వచ్చిన మూడో ఎడిషన్ల బుల్స్ స్ట్రెంత్ (బలం పెంచే మంత్రం) వేసేటోని ఒక్కో లెవల్‌కు గంట ఉండేది. ఆరో లెవల్ విజార్డ్ పొద్దుగాల లేవంగనే వేస్తే ఆరు గంటలు. అంగీ తొడుక్కున్నట్టే, ఇగ దాని సంగతే యాదికుండదు. 2003ల 3.5 వచ్చినప్పుడు లెవల్‌కు నిమిషం చేసిన్రు. నా మటుకు అది మంచి పని. ఎప్పుడు వెయ్యాలె అన్న ఆలోచన మళ్ల ఆటలకు వచ్చింది.

మన భారతంల సైంధవుని వరం తీసుకోండ్రి. అర్జునుడు తప్ప మిగిలిన పాండవులందర్నీ ఆపుతడు, భీముణ్ని కూడ. కానీ ఒక్క రోజే. ఆ రోజే అభిమన్యుడు పద్మవ్యూహంల ఒంటరిగ చిక్కిండు. తెల్లారి పొద్దుగూకేసరికి సైంధవుని తల తెగింది. ఆ వరానికి గడువే లేకుంటే అర్జునుడు పక్కన లేని ప్రతి రోజూ పాండవులకు ఓటమే.

తమ్ముడు ఈ రూల్ ఊకెనే తేలే, అది నాకు తెలుసు. క్లెరిక్ (పూజారి పాత్ర) ఆడే చెల్లె మూడు సార్లు బ్లెస్ (తోటోళ్లకు సాయం చేసే మంత్రం) వేసుడు, వెంటనే దెబ్బ తినుడు, స్లాట్ (లెక్కపెట్టి దొరికే మంత్రపు వంతు) దండగ అవుడు. పాపం, మొఖం చిన్నబోయింది. కానీ అది డ్యూరేషన్‌తోని వచ్చిన బాధ కాదు, కాన్సెంట్రేషన్ తెగుడుతోని వచ్చింది. చెల్లె పాత్రకు వార్ కాస్టర్ అనే ఫీట్ (ప్రత్యేక నేర్పు) ఇయ్యి, దెబ్బ తగిలినప్పుడు కాన్సెంట్రేషన్ నిలుపుకోను వేసే పాచికకు (సేవ్) అడ్వాంటేజ్, అంటే రెండు సార్లు వేసి మంచిది తీసుకునుడు, వస్తది. ఎక్కువసేపు కావాలంటే ఎక్కువ కట్టమను. హెక్స్ అనే శాపం మంత్రంల ఆ లెక్క ఉన్నది: మొదటి లెవల్ స్లాట్‌కు గంట, మూడో లెవల్‌కు 8 గంటలు, ఐదో లెవల్‌కు 24.

వచ్చే ఆదివారం అదే కోట మళ్ల మొదటి నుంచి ఆడుదామని చెప్పిన, తమ్ముడు సరే అన్నడు. గ్రేటర్ ఇన్విజిబిలిటీ నిమిషమే. మట్టి గోడ కాడ వాడుకోవాల్నా, రాతి గోడ దాక ఆపుకోవాల్నా, విజార్డూ రోగూ ఇంటికాడనే మాట్లాడుకొని రావాలె.