పన్నెండు శాతం తేమ దాటిన నాయకుడు

పత్తి కొనే ఖరీదుదారు బోరెం, అంటే గోనెసంచి, పైభాగం చూడడు. పైన తెల్లగా, పొడిగా ఉన్న పత్తిని చూసి మురిసిపోవడం కొత్తవాళ్ల పని. పాతవాడు మోచేతి దాకా చెయ్యి లోపలికి తోసి, నడుమ నుంచి గుప్పెడు తీసి, పిడికిట్లో నొక్కి వదులుతాడు. విచ్చుకుంటే ఒక ధర, ముద్దగా ఉండిపోతే ఇంకో ధర. తేమ మీటరు ఆ తర్వాత వస్తుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఇంత శాస్త్రం పొద్దుపొద్దున్నే అమల్లో ఉండగా, పక్కనే హన్మకొండలో నవలల్ని ఇప్పటికీ అట్ట చూసి, ముందుమాట చదివి మెచ్చుకోవడం విచారకరం. 1904లోనే రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం పెట్టుకున్న ఊరికి ఇది తగదు.

కాబట్టి ప్రజాహితం కోరి చేస్తున్న ప్రతిపాదన ఇది. ‘సమాజంతోనూ తనతోనూ సంఘర్షించే వ్యక్తి కథ’ అని వెనక అట్ట మీద రాసుకున్న ప్రతి నవలనూ పుస్తకాల షాపుకు పంపేముందు ఒకసారి యార్డుకు తోలాలి. గేటు దగ్గర చీటీ రాయించాలి, వరుసలో దించాలి. రచయిత రాత్రంతా తన సరుకు పక్కనే తువ్వాల పరుచుకుని పడుకోవాలి. పొద్దున వచ్చి చూసేవాడు విమర్శకుడు కాకూడదు. పత్తి తెలిసినవాడై ఉండాలి.

మొదటి పని నమూనా తీయడం. 240 పేజీల నవలైతే 130వ పేజీ దగ్గర చెయ్యి పెట్టాలి. మొదటి ఇరవై పేజీలు ఎప్పుడూ బాగానే ఉంటాయి, వాటిని రచయిత తొమ్మిదిసార్లు తిరగరాసి ఉంటాడు. చివరి పది పేజీలూ ఫరవాలేదు, అక్కడ ఎలాగూ ఎవరో ఒకరు పోతారు. నడుమ పేజీల్లో నాయకుడు ఏం పని మీద ఉన్నాడన్నదే చూడాలి. చాలాసార్లు కిటికీ దగ్గర నిలబడి ఉంటాడు. హన్మకొండలో అద్దెగది కిటికీ తెరిస్తే పక్కింటి గోడ, ట్యాంకు నుంచి కారే పైపు కనిపిస్తాయి. మన నాయకుడికి మాత్రం ఏ వాడకట్టులో గది తీసుకున్నా అస్తమిస్తున్న సూర్యుడే కనిపిస్తాడు. అంత మంచి గది ఎంతకు దొరికిందో, అద్దె ఎవరు కడుతున్నారో 240 పేజీల్లో ఎక్కడా ఉండదు. ఈ అద్దె సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికే రావాలి.

రెండోది తేమ. మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ లెక్కలో 8 శాతం దాకా తేమ ఉంటే పూర్తి మద్దతు ధర. ఆపైన ఒక్కో శాతానికి కోత పడుతుంది. 12 దాటితే బండి వెనక్కి తిప్పుకోవాలి. నవలలో తేమంటే కన్నీళ్లే అనుకోవద్దు. ‘ఎందుకో’, ‘ఏమో’, ‘తెలియని వెలితి’, ‘మనసు పొరల్లో’ కూడా తేమే. బరువు కోసం పత్తి మీద నీళ్లు చల్లేవాళ్లు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. అయితే అన్ని తేమలూ మోసం కావు. మొదటి ఏరుడు పత్తికి మంచు తేమ సహజంగానే ఉంటుంది. దాన్ని రెండు మూడు రోజులు కల్లంలో పల్చగా ఎండబోసి, మధ్యలో తిరగేస్తే సరిపోతుంది. ఉద్యోగం పోయిన వారానికో, పెళ్లి తప్పిన నెలకో రాసిన మొదటి ప్రతి కూడా అట్లాంటిదే. ఎండబెట్టే ఓపిక లేక నేరుగా అచ్చుకు తోలడం వల్లనే లోపల వేడెక్కి రంగు మారుతున్నది.

మూడోది గింజ. అసలు గొడవంతా ఇక్కడే. క్వింటాలు పత్తిని జిన్నింగు మిల్లులో ఆడిస్తే వచ్చే దూది 33, 34 కిలోలు. మిగిలినదాంట్లో దాదాపు అంతా గింజే. నాయకుడి ఆలోచనలు దూది. అతను ఎవరికి బాకీ ఉన్నాడో, ఎవరి చేతి అన్నం తింటున్నాడో, ఎవరి ముందు తల ఎత్తలేడో అదంతా గింజ. ఇప్పటి రచయితలు గింజ తీసేసి ఒట్టి దూది బోరెంలో నింపుకొని వస్తున్నారు. చూడ్డానికి బస్తా నిండుగానే ఉంటుంది. కాంటా మీద పెడితే ముల్లు లేవదు. ‘ఇది అంతరంగ నవల, దీన్ని తూకం వేయకూడదు’ అని వాదిస్తారు.

తూకం వేసిన అంతరంగాలు లేకపోలేదు. రష్యాలో 1866లో వచ్చిన దోస్తొయెవ్‌స్కీ ‘నేరము–శిక్ష’నే చూడండి. మానవ మనస్సు లోతులకు ఉదాహరణగా ప్రపంచం మొత్తం చూపించే నవల అది. మొదటి పేజీలో దాని నాయకుడు రాస్కోల్నికోవ్ చేసే పని, ఇల్లుగలావిడ కంట పడకుండా మెట్లు దిగడం. కారణం తాత్విక వేదన కాదు, గది అద్దె బాకీ. హత్య చేసే గొడ్డలి తర్వాత వచ్చింది. కాఫ్కా కథలో గ్రెగర్ సంసా పొద్దున లేచేసరికి పురుగైపోయి ఉంటాడు. అతని మొదటి దిగులు ‘నేనెవర్ని’ అని కాదు, ఐదు గంటల రైలు తప్పిపోయిందని. తల్లిదండ్రులు యజమానికి పడ్డ అప్పు తీరేదాకా ఆ ఉద్యోగం వదలడానికి లేదు. కాజీపేట జంక్షన్లో ఒక్కసారి రైలు తప్పిపోయి డ్యూటీకి ఫోను చేసుకున్నవాడికి ఈ కథ మీద ఏ ఉపన్యాసమూ అక్కర్లేదు.

మన దగ్గరా అంతే. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు వంశప్రతిష్ఠ నిలబెట్టబోయి ఆస్తి కరగబెట్టుకున్నాడు, ఆ తర్వాతే అసమర్థుడయ్యాడు. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధికి తల్లి గురించి లోకం అనుకునే మాట ఒకటి నీడలా తగులుకుంది. లోకం వచ్చి అతన్ని కొట్టలేదు, తిట్టలేదు, అనుకుంది అంతే. రావిశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్యకు భయం. ఆ భయం ఎవరికి, ఎక్కడ, ఎంత అన్నది పైసలతో సహా తెలుస్తుంటుంది.

ఇక సమాజం సంగతి. తెలుగులో సమాజం జనాభా ఎంతో ప్రతి అమ్మకూ తెలుసు: నలుగురు. ‘నలుగురు ఏమనుకుంటరు’, ‘నలుగుట్ల ఇజ్జత్ తీసినవు’, ‘నలుగురు నడిచిన తొవ్వల నడువాలె’. ఇంత కచ్చితమైన అంకె చేతిలో ఉండగా నవలాకారులు ‘ఈ కుళ్లిన వ్యవస్థ’, ‘ఈ సమాజం’ అని మొత్తంగా రాసి తప్పించుకుంటున్నారు. వ్యవస్థకు ముఖం ఉండదు గనుక దాన్ని ఎంతైనా తిట్టొచ్చు, ఎదురుతిరిగి మాట్లాడదు. నిబంధన పెట్టాలి: ఇరవయ్యో పేజీ లోపల ఆ నలుగురినీ పేరుపేరునా తెచ్చి నిలబెట్టాలి.

ఎట్లాగంటారా? పరకాల దిక్కు ఒక ఊళ్లో పిల్లగాడు వేరే కులం అమ్మాయిని చేసుకుంటానన్నాడనుకుందాం. ఒకటో మనిషి పెద్దబాపు, వీడి కాలేజీ ఫీజు కట్టినవాడు. రెండు మేనత్త, ప్రతి బతుకమ్మకూ వీడి తల్లి చేతిమీదుగా చీర అందుకునేది, తన బిడ్డను వీడికే ఇస్తానని పదేళ్లుగా అనుకుంటున్నది. మూడు చిట్టీ నడిపే సారు. అక్క పెండ్లికి ఎత్తిన చిట్టీలో ఇంకా పదకొండు నెలలు కట్టాలి, జమానతు సంతకం పెట్టింది మళ్లీ పెద్దబాపే. నాలుగు సొంత చెల్లె. వచ్చే నెల ఆమెను చూసుకోను వస్తున్నారు. ఈ నలుగుట్లో దుర్మార్గుడు ఒక్కడూ లేడు. చిక్కంతా అదే. ఒక్క దుర్మార్గుడున్నా నాయకుడు బతికిపోయేవాడు.

ఇప్పుడు నాయకుడు ఊళ్లోకి బండి మీద వస్తుంటే మర్రిచెట్టు గద్దె దగ్గర పెద్దబాపు కూర్చుని ఉంటాడు. ఒట్టి దూది నవలైతే ఇక్కడ నాలుగు పేజీల ప్రసంగం. గింజ ఉన్న నవలైతే వాడు బండి ఆపి, సైడు స్టాండు వేసి, చెవుల్లోని వైర్లు తీసి జేబులో పెట్టుకుంటాడు.

“బాగున్నవా బాపూ?”

“మంచిగనే ఉన్న. అన్నం తిన్నవా బిడ్డా?”

“ఆ... తిన్న.”

తినలేదు. ఆయన ఇంకేమీ అనలేదు, విషయం తెలిసి కూడా అనలేదు. సమాజంతో సంఘర్షణ ఇక్కడికి అయిపోయింది. ఇల్లు చేరేదాకా ఆ అర కిలోమీటరు దూరంలో జరిగేది రెండోది, తనతో సంఘర్షణ. దీనికి అర పేజీ ఇవ్వండి, చాలు. మర్రిచెట్టు దగ్గర మాట ముప్పావు నిమిషం కూడా పట్టలేదు గనుక, ఆ అర పేజీ కూడా నాయకుడు ఒంటరిగా ఆలోచించడం కాకుండా, బండి గేరు పడకపోవడంతోనో, ఎదురుగా బర్రెలు అడ్డం రావడంతోనో గడవాలి. ఇంకో మాట. పాడె మోసేది కూడా నలుగురే. 90వ పేజీలో తిట్టించుకున్న పెద్దబాపు, నాయకుడి తండ్రి పాడెకు ముందు భుజం పట్టినవాడని 180వ పేజీలో తెలిస్తే కాంటా ముల్లు దానంతటదే లేస్తుంది.

మనసులో మాటల్ని వచ్చింది వచ్చినట్టే రాసే చైతన్య స్రవంతి అనే పరికరం వాడకం గురించి ఓరుగల్లుకు చెప్పే అర్హత ఎవరికీ లేదు. దొంగరి మల్లయ్య గారి ఇంటిపేరునే మింగేసి, అంపశయ్య నవీన్‌ను చేసిన నవల ఈ గడ్డది. 1969లో అచ్చయిన ఆ పుస్తకంలో ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే విద్యార్థికి ఒక్కటంటే ఒక్క రోజు గడుస్తుంది. ఆ తర్వాత ఎందరో అదే దారి పట్టి ‘నేనూ ఒక్క రోజే రాశాను’ అని వచ్చారు. ఆ రోజు ఎప్పుడు గడుస్తుందా అని పాఠకుడు గడియారం చూసుకున్నాడు. తేడా ఎక్కడంటే, మనసులో మాట నిండు వాక్యాల్లో రాదు. సగంలో తెగుతుంది, ఆకలికి తెగుతుంది, ఎవరో తలుపు కొడితే తెగుతుంది, తెగినచోట ఏమాత్రం సంబంధం లేనిది అతుక్కుంటుంది. వీళ్ల నాయకుడి మనసులో మాత్రం కర్త, కర్మ, క్రియ వరుసగా నిలబడి ఉంటాయి. మధ్యలో ఫ్రాయిడ్ పేరు కూడా వస్తుంది. తలుపు కొట్టేవాడు రాడు. మెస్సు బిల్లు లేనివాడి తలుపు ఎవరు కొడతారు?

తిరుగుబాటు నాయకుల విభాగానికి మిర్చి యార్డు దగ్గరికి నడవాలి. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ చపాటా మిర్చి గుణం అందరికీ తెలిసిందే, రంగు ఎక్కువ, కారం తక్కువ. పచ్చళ్లకు, రంగు తీయడానికి శ్రేష్ఠం. చపాటాను చపాటా అని అమ్ముకుంటే దానికి గౌరవమూ ఉంది, ధరా ఉంది. బాగా కారం ఉండే తేజ అని సంచి మీద రాసి చపాటా పోస్తేనే తగాదా. నవలలో ఎర్రచొక్కా నాయకుడు వచ్చి, దొరను రెండు మాటలని, అడవి వైపు చూసి, ప్రియురాలికి ఉత్తరం రాసి పోతాడు. నాలుక మీద వేసుకుంటే చుర్రుమనదు. కారం ఎక్కడుంటుందో వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’లో చూపించాడు. కంఠీరవం ఎదిరించింది ‘భూస్వామ్యం’ అనే మాటను కాదు. పేరున్న దొరను, ఫలానా ఊళ్లో, ఫలానా వెట్టి విషయంలో. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’లో సారంగపాణికి ఇంకో రకం మంట. బతుకుదెరువు కోసం వచ్చిన సంగీతగాడు దొర నీడన చేరాడు. అన్నం అక్కడిదే, కళ్లముందు జరిగే అన్యాయమూ అక్కడిదే. నోరు తెరిస్తే అన్నం, మూసుకుంటే గొంతు పోతుంది. ఇట్లాంటి మిర్చి గుప్పెడుంటే చాలు, పక్క దుకాణంలో ఉన్నవాడు కూడా దగ్గుతాడు.

ప్రభుత్వ కోటాలో ఒకటి చెప్పకపోతే లోటు. లక్నేపల్లిలో పుట్టిన పీవీ నరసింహారావు ప్రధాని పదవి దిగాక 1998లో నవల అచ్చువేయించి, నాయకుడికి ఆనంద్ అనీ, రాష్ట్రానికి అఫ్రోజాబాద్ అనీ పేర్లు పెట్టారు. తెలుగులో అది ‘లోపలి మనిషి’ అయింది. లోపలి మనిషి అన్నాక కిటికీ దగ్గర నిలబడతాడేమో అనుకుంటాం. అతను మాత్రం భూసంస్కరణలు, టికెట్లు, ముఠాల మధ్య తిరుగుతుంటాడు. తన లోపలికి వెళ్లడానికి అసెంబ్లీ లోపలి నుంచి దారి ఉందని కనిపెట్టిన ఘనత మన జిల్లాదే.

కాళోజీ తన కవిత్వానికి ‘నా గొడవ’ అని పేరు పెట్టుకున్నాడు. విప్పి చూస్తే ఊరందరి గొడవ. ఇప్పటి నవలలకు ‘మన సమాజం’, ‘ఈ లోకం’ అన్న ధోరణిలో పేర్లు. విప్పి చూస్తే రచయిత గారి గొడవ. సంచి మీద ముద్ర ఒకటి, లోపల సరుకు ఇంకోటి.

జెండా పాట గురించి రెండు ముక్కలు. పొద్దున్నే ఒక మంచి లాటుకు పాట పాడి అత్యధిక ధర ప్రకటిస్తారు, మర్నాడు పేపర్లో ఆ అంకె పడుతుంది. తన బస్తాకు ఆ ధర రాదని రైతుకు తెలుసు. పుస్తకావిష్కరణ సభలో ‘తెలుగు నవలా చరిత్రలో మైలురాయి’ అన్న మాటే మన జెండా పాట. రచయితకు మాత్రం తెలియదు. శాలువా కప్పుకొని అదే ధరకు మొత్తం వెయ్యి కాపీలూ పోతాయనుకుంటాడు.

ప్రతిపాదన అమలైన మొదటి రోజు ఎట్లా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. తెల్లవారుతుంది. హమాలీలు చాయ తాగుతుంటారు. ఖరీదుదారు ఒక నవల దగ్గర ఆగి, నడుమన వేలు పెట్టి తెరిచి, రెండు పేజీలు చదివి, మళ్లీ ఇంకోచోట తెరుస్తాడు. మీటరు పెడతాడు.

“పద్నాలుగున్నర చూపుతున్నది, సారూ.”

“రాత్రి మంచు పడ్డది గద అన్నా.”

“మంచు అట్ట మీద పడుతది, నడుమకు రాదు. సరే, తేమ పక్కకు పెడదాం. దీంట్ల నలుగురు ఎక్కడున్నరు?”

“వాళ్లు రెండో భాగంల వస్తరు.”

ఖరీదుదారు పుస్తకం మూసి, దుమ్ము దులిపి, మర్యాదగా రెండు చేతులతో తిరిగిచ్చి, పక్క బోరెంలో చెయ్యి పెడతాడు.