మూడో తీగ ఎందుకండీ?

"ఇద్దరు ముద్దు, ఆపై వద్దు" అన్న కుటుంబ నియంత్రణ నినాదాన్ని మనవాళ్ళు పిల్లల విషయంలో ఎంతవరకు పాటించారో తెలియదు గాని, కరెంటు తీగల విషయంలో మాత్రం తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. ఫేజు ఒకటి, న్యూట్రల్ ఒకటి. చిలకాగోరింకల సంసారం. మధ్యలో ఆ ఆకుపచ్చ ఎర్త్ తీగ ఎందుకండీ, పిలవని పేరంటానికి వచ్చినట్టు? నెల రోజులుగా విజయవాడలో నేను ఏ గుమ్మం ఎక్కినా ఇదే ప్రశ్న. అడిగినవాళ్ళందరూ నన్ను జాలిగా చూసినవాళ్ళే.

ఈ జ్ఞానోదయం నాకు ఉలవచారు వల్ల కలిగింది.

మా మేనల్లుడు అమెరికాలో ఉంటాడు. సెలవు రోజుల్లో కారు షెడ్డులో కూర్చుని కరెంటుతో బీరు కాచుకుంటాడు. అక్కడ అది తప్పు కాదు. ఇంట్లో బీరు చేసుకోవడాన్ని అనుమతిస్తూ 1978లో అప్పటి అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టాడు. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు. మన దగ్గర ఆ పని మొదలుపెడితే ఎక్సైజు వారు వచ్చి గిన్నెలతో సహా మనల్నీ తీసుకుపోతారు. నాకు బీరు మీద వ్యామోహం లేదు. వాడు ఫోనులో చూపించిన కంట్రోల్ ప్యానెల్ మీద మాత్రం మనసు పారేసుకున్నాను. ఎర్ర అంకెలు వెలిగే ఉష్ణోగ్రత మీటరు, పచ్చ దీపం, ఎర్ర దీపం, ప్రమాదం వస్తే అరచేత్తో కొట్టడానికి పుట్టగొడుగులాంటి ఎర్ర బొత్తం. చూడగానే రైలింజను నడపాలనుకున్న చిన్నతనం తిరిగి వచ్చింది. బార్లీ గింజలు ఉడికించే డబ్బా ఉలవలు ఉడికించలేదా?

లెక్క వేశాను. 20 లీటర్ల నీళ్ళను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి 1.6 యూనిట్లు. అందులో సగం ఆవిరైపోయి చారు చిక్కబడడానికి మరో 6 యూనిట్ల పైచిలుకు. 3 కిలోవాట్ల హీటరు పెడితే మరగడానికి అరగంట, ఇగరడానికి రెండు గంటలు. మేనల్లుడిది 5,500 వాట్ల హీటరు. దాన్ని మన ఇంట్లో 16 ఆంపియర్ల సాకెట్‌కు తగిలిస్తే ఉలవల కంటే ముందు సాకెట్ ఉడుకుతుంది. నా 3 కిలోవాట్లకు 13 ఆంపియర్లు చాలు. పది లీటర్ల ఉలవచారు ఎవరు తాగుతారని మా ఆవిడ అడిగింది. శాస్త్ర పరిశోధనలో ఇటువంటి ప్రశ్నలకు తావు లేదు. (మరిగే నీళ్ళు ఎంత వేడి పెట్టినా మరిగే నీళ్ళే కాబట్టి ఆ ఎర్ర అంకెల మీటరుకు ఉలవచారులో పెద్దగా పని లేదని తరువాత తెలిసింది. ఆ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు.)

మేనల్లుడు సామాన్ల జాబితా పంపాడు. మొదటి వరుసలోనే పెద్ద అక్షరాలతో రాశాడు: "మామయ్యా, ఎర్త్ సరిగా ఉందో లేదో చూసుకుని, లీకేజీ బ్రేకరు కొన్నాకే మిగతావి కొను." వాళ్ళ దేశంలో 5 మిల్లీ ఆంపియర్లు దారి తప్పినా ఆ బ్రేకరు పడిపోతుందట. మన ఇళ్ళకు ఆర్‌సీసీబీ అన్న పేరుతో అమ్మేది 30 దగ్గర పడిపోతుంది. పోయిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సరిసమానమా కాదా అని పద్దు చూసుకోవడమే దాని ఉద్యోగం. పద్దు తేడా వచ్చిందంటే ఎవరి ఒంట్లోంచో, మరో అడ్డదారిలోనో పోతోందని అర్థం. వెంటనే దుకాణం కట్టేస్తుంది. అంత నిజాయితీ గల గుమాస్తా మన ఊళ్ళో ఇమడడం కష్టమని అప్పుడు నాకు తోచలేదు.

గవర్నర్‌పేట సందుల్లో తిరిగాను. ఆర్‌సీసీబీ అడిగితే దుకాణం ఆయన ఎంసీబీ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది కాదండీ, లీకేజీ చూసేది కావాలి."

"రెండూ పడిపోయేవే కదండీ."

కిలో ఉలవలు అడిగితే కిలో చింతపండు తూచి, రెండూ చారులోకేగా అన్నట్టు. ఎంసీబీ గోడలో తీగ మాడిపోకుండా చూస్తుంది. మనిషి మాడడం దాని శాఖ కాదు. మనిషిని కొట్టి పడేయడానికి సరిపోయే కరెంటు దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఇదంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, ఎంసీబీ ధర పది రూపాయలు తగ్గించాడు.

రిలే అంటే మీటరు చెప్పినట్టు హీటరును వేసి ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్చు. వాటి సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను, తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. పైన 40 ఆంపియర్లని ముద్ర, చేతిలోకి తీసుకుంటే అప్పడమంత బరువు. ఈ జాతి రిలే చచ్చేటప్పుడు ఎక్కువగా స్విచ్చు వేసిన స్థితిలోనే చస్తుంది. అంటే మీటరు ఆపమన్నా హీటరు ఆగదు. అందుకే దాని వెనకాల కాంటాక్టరు అనే మరో గట్టి స్విచ్చు ఒకటి పెట్టుకోవాలి. కాంటాక్టరు ఆటోనగర్‌లో దొరికింది. హీటరు బిగించడానికి స్టీలు గిన్నెకు కన్నం కూడా అక్కడే వేయించాను. లేతు మీద ఉన్న కుర్రవాడు గిన్నెను అటూ ఇటూ తిప్పి, "ఇది ఏ బండిదండీ?" అని అడిగాడు.

ఉష్ణోగ్రత కొలిచే పుల్ల కొన్న చోట అసలు ముచ్చట జరిగింది. దాని పేరు పీటీ100. సున్నా డిగ్రీల దగ్గర 100 ఓములు, నూరు డిగ్రీల దగ్గర 138.5. డిగ్రీకి అర ఓము కూడా తేడా ఉండదు కాబట్టి, మధ్యలో తీగ తాలూకు నిరోధం కాస్త కలిసినా డిగ్రీలకు డిగ్రీలు అబద్ధం చెబుతుంది. ఆ అబద్ధాన్ని పట్టుకుని తీసివేయడానికే దానికి మూడో తీగ ఇస్తారు. దుకాణం ఆయన పుల్లను పెట్టెలోంచి తీశాడు, రెండు ఎర్ర తీగల్లో ఒకదాన్ని చిటికెన వేలితో విడదీశాడు, కటింగ్ ప్లయరు తీసుకుని మొదటికంటా కత్తిరించాడు. గోరు తీసినంత సుతారంగా.

"అయ్యో, అది ఎందుకు కత్తిరించారు?"

"ఎక్‌స్ట్రా తీగండీ. మేమే తీసి ఇస్తాం. దానికి డబ్బులు తీసుకోం."

ఇక మా ఇంటి సంగతి. ఏ పురుగూ లేదు కదా అని మేడిపండు విప్పినట్టు 16 ఆంపియర్ల సాకెట్ విప్పించాను. వెనకాల ఆకుపచ్చ తీగ కనబడింది! ప్రాణం లేచివచ్చింది. మెల్లిగా లాగాను. వచ్చేసింది. జానెడు తీగ. ఒక కొస సాకెట్‌కు మరతో బిగించి ఉంది, రెండో కొస జడలా చుట్టి, చివర నల్ల టేపు వేసి, గోడలో దాచి ఉంది. మా ఎలక్ట్రీషియన్ దాన్ని చూసి నిట్టూర్చలేదు, నవ్వలేదు. "ఎవరైనా తనిఖీకి వచ్చి విప్పితే పచ్చ తీగ కనబడాలి కదండీ" అన్నాడు.

ప్లగ్గులో ఆ మూడో పిన్నును ఎప్పుడైనా గమనించారా? మిగతా రెండింటి కన్నా లావు, పొడుగు. పెట్టేటప్పుడు అందరికంటే ముందు తగలాలి, తీసేటప్పుడు అందరికంటే ఆఖరున వదలాలి. ఇంట్లో అందరికంటే ముందు లేచి అందరి తరువాత పడుకునే మనిషిలాంటిది. అలాంటి మనిషికి మన ఇళ్ళలో ఎంత విలువ ఉంటుందో దీనికీ అంతే. రెండు పిన్నుల చార్జరు దూర్చడానికి పై కన్నంలో అగ్గిపుల్ల గుచ్చుతాం. మా పక్కింటివారు అందులో అగరుబత్తి నిలబెడతారు. కొలతకు సరిపోయిందట.

జానెడు తీగ చేతపట్టుకుని అపార్టుమెంటు సంఘం అధ్యక్షులవారి దగ్గరికి వెళ్ళాను. మన భవనానికి ఎర్త్ గొయ్యి ఎక్కడ ఉందండీ అని అడిగాను. (పచ్చ తీగలన్నీ చివరికి భూమిలోకి దిగేది అక్కడే, ఉప్పు, బొగ్గు పోసి పూడ్చిన గొయ్యిలో.) ఆయన నొచ్చుకున్నారు. ఎందుకు లేదు, ప్లానులో ఉంది. ప్లాను తెచ్చారు. ఈశాన్యం మూలన గుండ్రంగా గుర్తు. అందరం కిందికి దిగాం. ఈశాన్యంలో తులసికోట ఉంది. గొయ్యి దాని కింద ఉందని ఒకరు, కాదు 301 వారి కారు కింద ఉందని ఒకరు. కారు తీయించాం. సిమెంటు గచ్చు. వాచ్‌మన్‌ను పిలిస్తే, ఆ గొయ్యి నైరుతిలో తవ్వారండీ అన్నాడు. అదేమిటంటే, ఈశాన్యంలో ఉప్పు పాతితే సంపద కరిగిపోతుందని వాస్తు పండితులవారు సెలవిచ్చారట. సరే, నైరుతికి నడిచాం. అక్కడా గచ్చే. నైరుతిలో గొయ్యి ఉండకూడదని అదే పండితులవారు మరో దఫా వచ్చి సెలవిచ్చారట, పూడ్చేశారు. మరి గొయ్యి ఏదీ? కోశాధికారి గారు గబగబా పైకి వెళ్ళి పాత దస్త్రం తెచ్చారు. ఎర్త్ గొయ్యికి ఉప్పు ఒక బస్తా, బొగ్గు ఒక బస్తా, కూలితో సహా చెల్లించినట్టు రసీదు, కింద మూడు సంతకాలు. "చూశారా, ఉంది" అన్నారు అధ్యక్షులవారు. ఉప్పు ఆ ఏడు ఎవరింటి ఆవకాయలోకి వెళ్ళిందో, బొగ్గు మా వీధి ఇస్త్రీ బండికి వెళ్ళిందో దస్త్రంలో లేదు. నాలుగు అంతస్తుల భవనం, పదహారు కాపురాలు, అన్నిటికీ కలిపి ఎర్త్ ఒక్కటే, అది కాగితం మీద. ఇంకా అనుమానం ఉంటే సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేద్దామన్నారు.

ఊరికి కాస్త దూరంలో, ఇబ్రహీంపట్నంలో వేల మెగావాట్లు పుట్టించే తాప విద్యుత్ కేంద్రం. అక్కడి నుంచి ఇంత దూరం వచ్చిన కరెంటు ఏదైనా యంత్రంలో తీగ ఒరుసుకుని దారి తప్పితే, భూమిలోకి దిగడానికి మేం దానికి జానెడు దారి కూడా ఉంచలేదు. అది ఎక్కడ కూర్చుంటుంది? వాషింగ్ మెషీన్ ఒంటి మీద కూర్చుంటుంది.

మా పెరటి వరండాలో వాషింగ్ మెషీన్ పక్కన ఒక జత నీలం రబ్బరు చెప్పులు ఉంటాయి. ఎనిమిదేళ్ళుగా ఉన్నాయి. అవి ఎవరివీ కావు, మెషీన్‌వి. మూత ముట్టుకునే ముందు తొడుక్కోవాలి, ఎందుకంటే "కొంచెం జివ్వుమంటుంది". మడమ దగ్గర కాగితమంత పలచగా అరిగిపోయాయి. ఎడమ చెప్పు పట్టీ తెగితే పిన్నీసు పెట్టాం. షాక్ కొట్టకుండా వేసుకునే చెప్పుకు ఇనుప పిన్నీసు. పైగా నేను ఇంజినీరింగ్ చదివినవాణ్ణి.

మా ఇంట్లో పనిచేసే ఆమె పొద్దున్న ఆరున్నరకు వస్తుంది. తన చెప్పులు గుమ్మం బయట విడిచి వస్తుంది, మన ఇళ్ళ మర్యాద అది. తడి గచ్చు మీద వట్టి కాళ్ళతో నిలబడి ఆ మెషీన్‌లోంచి బట్టలు తీస్తుంది. నీలం చెప్పులు తొడుక్కోమని ఎనిమిదేళ్ళలో ఎవరూ ఆమెకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మొన్న అడిగాను, షాక్ కొట్టదా అమ్మా అని.

"కొడుతుందండి. ఒక్క చేత్తోనే ముట్టుకుంటాను. రెండు చేతులూ వేస్తే గుండెల్లోకి లాగుతుంది."

నాకు కాలేజీలో నేర్పిన పాఠం అది. ఒక చేయి వెనక్కి పెట్టుకోవాలి, గుండె మీదుగా కరెంటు దారి పట్టకూడదు. ఆమె దాన్ని మా ఇంట్లో, మా యంత్రం మీద, తన గుండెతో నేర్చుకుంది. జీతం కాక మేం ఆమెకు ఇచ్చిన చదువు అది.

రేపు ఏదైనా జరిగితే జిల్లా పేజీలో రెండు వాక్యాలు వేస్తారు, "విద్యుదాఘాతంతో మహిళ మృతి". ఆఘాతం విద్యుత్తుదట. కరెంటు కొట్టిందట! కరెంటుకు ఎవరితో పగ? అది దారి వెతుక్కుంటుంది, అంతే. దాని దారిని డబ్బులు మిగుల్చుకోవడానికి తెంపినవాడు ఒకడు, తెంపి టేపు వేసి దాచినవాడు ఒకడు, రసీదు మీద సంతకం పెట్టినవాళ్ళు ముగ్గురు, చెప్పులు వేసుకుని తన దాకా రాకుండా చూసుకున్నవాణ్ణి నేను. ఇంతమందిమి కలిసి ఆమె ఒంటిని దారిగా చూపించాం. రెండు వేల రూపాయల లోపు దొరికే వస్తువు. దేవుడి గదిలో చిన్న బల్బుకు సరిపోయే 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పితే చాలు, కన్ను మూసి తెరిచేలోపు తుంచేసే వస్తువు. దాన్ని పెట్టరు. గుమ్మానికి టేకు చెక్కడాలు పెడతారు, హాల్లో పాలరాయి పరుస్తారు, ఇంటికి దిష్టి గుమ్మడికాయ కడతారు. తీగ అంటే మాత్రం ఎక్‌స్ట్రా!

గొయ్యి తవ్వించాను. ఏ దిక్కో చెప్పను, మళ్ళీ పండితులవారు వస్తారు. బొగ్గు, ఉప్పు నా కళ్ళ ముందే పోయించాను. పచ్చ తీగను మూడో అంతస్తు దాకా లాగించి, ఇంటికంతటికీ ఆర్‌సీసీబీ బిగించాను. ఉలవల డబ్బాకు ఇంకా కరెంటు ఇవ్వకముందే, మరునాడు పొద్దున్న మెషీన్ స్విచ్చు వేయగానే టప్పున ఇల్లంతా ఆరిపోయింది. మళ్ళీ ఎత్తాం. మళ్ళీ పడింది. ఎనిమిదేళ్ళుగా నోరు మూసుకుని ఉన్న పద్దు ఒక్కసారి బయటపడింది.

ఇంట్లో ఎవరూ హర్షించలేదు. నిన్నటి దాకా బాగున్న మెషీన్ ఈ డబ్బా వల్లే పాడైందన్నారు. అధ్యక్షులవారు పరామర్శకు వచ్చి, "మన భవనంలో మీ ఒక్కరికే కరెంటు పోతోందండీ, ఆలోచించుకోండి" అన్నారు. ఎలక్ట్రీషియన్ స్క్రూడ్రైవరు తీసి, "పక్క నుంచి డైరెక్టుగా కలిపేస్తానండీ, రెండు నిమిషాలు" అన్నాడు. ఈ గొడవలో పడి నానబెట్టిన ఉలవలు వార్చి పక్కన పెట్టి మరచిపోతే మొలకలెత్తాయి. గింజను మొలకెత్తించడం బీరుకు మొదటి మెట్టని మేనల్లుడు ఫోనులో తెగ సంబరపడ్డాడు.

బ్రేకరు పెట్టెకు తాళం వేసి, చెవి నా మొలతాడుకు కట్టుకున్నాను. మెషీన్ బాగుచేసే మనిషి గురువారం వస్తానన్నాడు. అంతవరకు బట్టలు నేనే ఉతుకుతున్నాను.