చుక్క ఉందా బావా?

నరసాపురం రేవులో, గోదారి దాటించే పంటు ఎక్కేచోట టికెట్టబ్బాయి నాకు ఐదు రూపాయల బిళ్ల చిల్లరిచ్చాడు. ఎవరైనా జేబులో వేసుకుని ముందుకు నడుస్తారు. నేను కళ్లజోడు తీసి, బిళ్లని ఎండకి తిప్పి, దానిమీదున్న సంవత్సరం అంకె కింద చుక్క వెతకడం మొదలెట్టాను. వెనక మోటారుసైకిళ్ల హారన్లు. "బాబాయిగారూ, దాని జాతకం అవతలి ఒడ్డున చూసుకోండి, పంటు కదులుతోందండి" అన్నాడొకాయన. నేను తలెత్తేసరికి అది నడిగోదావరిలో ఉంది.

దీనికంతటికీ మా బావమరిదే కారణం. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్లకి పది లక్షలొస్తాయని వాడెక్కడో వీడియో చూశాడు. 2012లో ఆ గుడి బోర్డు పాతికేళ్ల పండక్కి వేసిన బిళ్ల అది. పది లక్షల మాట పచ్చి అబద్ధమని నాకు తర్వాత తెలిసింది. ముందు తెలిసినా వెతికేవాణ్ణే అనుకోండి. ఎంత వెతికినా అది దొరక్కపోయేసరికి, "పోనీ, సంవత్సరం కింద చుక్క ఉందేమో చూడు బావా" అన్నాడు.

చుక్క అంటే నాకు ముగ్గులో చుక్కే. నెల్లాళ్లు ఏరి హార్లిక్స్ సీసా నింపాను. ఫోటో పంపితే వాడు నెత్తి కొట్టుకున్నాడు. "ఆ చుక్క కాదు బావా, ఆకాశంలో చుక్క!" గుండ్రటి చుక్కైతే నోయిడా టంకశాలట, ఐదు కోణాల చుక్కైతే హైదరాబాదట, డైమండ్ గుర్తుంటే ముంబై, ఏమీ లేకపోతే కోల్‌కతా. సరే, సీసా ఖాళీ చేసి మళ్లీ నింపాను. నిండాక తెలిసిందేమిటంటే, ఆ గుర్తు బిళ్ల ఎక్కడ తయారైందో చెబుతుందంతే, అది ఉన్నంతమాత్రాన ఎవడూ పైసా ఎక్కువివ్వడు. కోనసీమలో కొబ్బరిచెట్టు కనిపించిందని ఇంటికి ఫోన్ చేసి చెప్పుకున్నట్టయింది నా పని.

ఈలోగా ఇంట్లో చిల్లరకి కరువొచ్చింది. టీకి ఐదొందల నోటు తీసేవాణ్ణి. కొట్టాయన మిగతాది నోట్లిచ్చి, ఆఖరి ఐదు రూపాయలకీ చాక్లెట్లు పెడితే ఒప్పుకునేవాణ్ణి కాదు, బిళ్లలే కావాలనేవాణ్ణి. నన్ను చూడగానే ఆయన గల్లాపెట్టె మీద తువ్వాలు కప్పడం నా కళ్లతో చూశాను.

అలాంటి రోజుల్లో మా ఆవిడ పోపులపెట్టెలో, ఆవాల గిన్నె అడుగున, ఒక రూపాయి దొరికింది. 1985ది. కింద ఇంగ్లీషు అక్షరం హెచ్! "హెచ్ అంటే హైదరాబాదే బావా" అన్నాడు మా సర్వజ్ఞుడు. కాదు. ఆ ఏడాది మన రూపాయలు కొన్ని ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్‌లో తయారు చేయించారు. హెచ్ అంటే అక్కడి హీటన్ టంకశాల. సీమనుంచి ఓడెక్కొచ్చి మా ఆవాల్లో పడుకుందన్నమాట.

ఫోటో ఆన్‌లైన్‌లో పెట్టిన గంటకి ఫోనొచ్చింది. మూడు లక్షలిస్తాడట, ముందు రిజర్వు బ్యాంకు రిజిస్ట్రేషన్‌కి రెండువేల నూటపదహార్లు పంపాలట. నూటపదహార్లు అనేసరికి నాకు నమ్మకం కుదిరిపోయింది. మా ఆవిడ మాత్రం చేట పక్కన పెట్టి, "మనకి డబ్బిచ్చేవాడు మనల్నే డబ్బడుగుతాడేంటండీ?" అంది. మా అమ్మాయి ఫోన్‌లో వెతికి చూపించింది. తమ పేరుతో పాత నాణేలకి కమీషన్లూ పన్నులూ అడిగేవాళ్లని నమ్మొద్దని, ఆ అధికారం ఎవరికీ ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే చెప్పిందట. ఇక రాజమండ్రిలో తెలిసినవాళ్లకి చూపిద్దామని మా అమ్మని కూడా తీసుకుని రైలెక్కాను. రూపాయిని కాగితంలో చుట్టి ఆవిడ చేతిసంచిలో భద్రంగా పెట్టాను. నా తెలివికి అది పరాకాష్ట.

కొవ్వూరు దాటింది. రైలు వంతెన మీదకెక్కింది. బోగీలో అందరూ చిల్లర తీశారు. మా అమ్మ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, కళ్లుమూసుకుని దణ్ణం పెట్టుకుంది.

"ఏం వేశావమ్మా?"

"నువ్విచ్చిన రూపాయేరా. ఇప్పటి బిళ్లలు రేకుముక్కల్లా ఉంటున్నాయి, గోదారమ్మకి అవేం వేస్తాం? ఇది చూడు, ఎంత బరువుగా, నికరంగా ఉందో. మా కాలంది."

గోదారి మీద ఉండగా తల్లిమీద అరవకూడదని ఊరుకున్నాను.

దిగగానే ఆటో కట్టించుకుని గట్టుకి పరిగెత్తాను. తాడుకి అయస్కాంతం కట్టి నీళ్లలో ఈడ్చి చిల్లర పట్టే పిల్లలుంటారు కదా, వాళ్లలో ఒకణ్ణి పట్టుకుని కథంతా చెప్పాను. వాడు శ్రద్ధగా విని, "ఎనభై అయిదుదాండి? రాదండి. పాత రూపాయలు అయస్కాంతానికి అంటుకోవండి. కొత్త స్టీలువే అంటుకుంటాయండి, ఆయ్" అన్నాడు. టంకశాలవాళ్ల కన్నా వాడికే ఎక్కువ తెలుసు.

నా మొహం చూసి జాలిపడ్డాడో ఏమో, నిక్కరు జేబులోంచి తడి రెండు రూపాయల బిళ్ల తీశాడు. "ఇది తీసుకోండి. చుక్కుందండి. యాభై ఇవ్వండి చాలు."

వీడు కూడా ఆ వీడియో చూశాడన్నమాట.

కళ్లజోడు రైల్లో మర్చిపోయాను. యాభై ఇచ్చి తీసుకున్నాను. ఏ చుక్కో ఇంటికెళ్లి చూడాలి.