‘వాటికవే సర్దుకుంటాయిలే’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘వాటికవే సర్దుకుంటాయిలే’ గారి సముఖమునకు,

మా డాబా మీద పెరుగుతున్న కౌజు పిట్టల తరఫున, ముఖ్యంగా నడినెత్తిన ఈకలు లేని ఒక పెట్ట తరఫున, నమస్కరించి వ్రాయునది. తోడికోడళ్ల తగవు మొదలుకొని అపార్ట్‌మెంటు పార్కింగు గొడవ వరకు ప్రతి పంచాయతీలోనూ ఆఖరి తీర్పు తమరిదే కనుక, పంజరంలో పోట్లాట మొదలైన నాడు కూడా మేము తమరినే పెద్దమనిషిగా పిలిచాము.

నెలన్నర వయసు వచ్చే వరకు తమరి మాటకు ఎదురు లేదు. ఇటుక రంగు రొమ్ము గల మగవి మూడు, చుక్కల రొమ్ము గల పెట్టలు ఏడు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిద్రపోయేవి. ఒక్కో మగ పిట్టకు మూడు నుంచి ఐదు పెట్టలైనా ఉండాలని చెప్పినవారిని చాదస్తులని కొట్టిపారేశాము. ఏడో వారానికి మగవి కూత నేర్చాయి. గుడ్ల మీద ఆశతో మేము రోజుకు 16 గంటల వెలుతురు ఉండేలా వెలిగించిన బల్బు, గుడ్లతో పాటు మగవాటి పౌరుషాన్ని కూడా పెంచింది.

ఒక పెట్ట నెత్తిన రక్తం కనిపించినప్పుడు, బెదిరి నిట్టనిలువునా ఎగిరి పైకప్పుకు కొట్టుకుని ఉంటుందిలే అని తమరు సెలవిచ్చారు. కౌజులు అలా తల పగలగొట్టుకునే మాట నిజమే కనుక నమ్మి, పైకప్పుకు లోపలివైపు గోనెసంచి కూడా కట్టాము. మర్నాటికి ఆ నెత్తిన చర్మమే లేదు. మొదట ఒక మగది పొడిచింది. ఎర్రగా కనబడిన చోటల్లా పొడవడం వాటి నైజం కనుక, మిగిలిన బంధువర్గం తలా ఒక ముక్కు వేసింది.

గాయం కడిగి, ఆ పెట్టను పది రోజులు విడిగా అట్టపెట్టెలో ఉంచాము. మానిన తరువాత, ‘దాని ఇల్లే కదా’ అన్న తమరి భరోసాతో, మిట్టమధ్యాహ్నం తీసుకువెళ్లి పంజరంలో వదిలాము. ఆ పది రోజుల్లో మిగిలిన తొమ్మిదీ చోటును, మేత గిన్నెను, ఇసుక పళ్లేన్ని పంచుకుని రిజిస్ట్రేషను కూడా ముగించుకున్నాయని మాకు తెలియదు. వాటి కంటికి అది చొరబడిన పరాయి పిట్ట. చేతిలోని కాఫీ చల్లారకముందే మళ్లీ నెత్తురు కళ్లజూశాము.

ఆ తరువాత జరిగినదంతా తమరి అనుమతి లేకుండా జరిగింది, క్షమించాలి. పంజరానికి మధ్యలో ఇనుప జాలీ అడ్డుపెట్టి, దెబ్బతిన్న పెట్టను, దానికి తోడుగా నెమ్మదస్తురాలైన మరొక పెట్టను ఒక వైపున ఉంచాము. పక్కపక్కనే మేయాలి గానీ పొడుచుకోకూడదని, మేత గిన్నెలను జాలీకి ఇరువైపులా ఆనించి పెట్టాము. మొదట పొడిచిన మగదాన్ని వేరొక పంజరానికి పంపాము. ఇంకొక మగదాన్ని, పెట్టలే తప్ప మగది లేని ఒక పెంపకందారుకు ఇచ్చాము. మసాలా దట్టించి వేయించమన్న తమరి తమ్ముడిగారి సలహాను మాత్రం పాటించలేదు. గుడ్లు పెట్టే కోళ్లకు వేసే ‘లేయర్’ మేతలో మాంసకృత్తులు వీటికి చాలవని తెలుసుకుని, దాదాపు 20 శాతం ఉన్న మేతకు మారాము. బల్బును త్వరగా ఆర్పుతున్నాము, గుడ్లు కొన్ని తగ్గినా సరే.

వారం గడిచి, జాలీ మీదికి ఎగబడడం ఆగిన తరువాత, లోపలి సామానంతా తారుమారు చేసి, దాక్కోవడానికి ఎండుగడ్డి, చిన్న అట్టపెట్టెలు సర్ది, చీకటి పడే వేళకు జాలీ తీసేశాము. తెల్లవారేసరికి ఏ మూల ఎవరిదో ఎవరికీ తెలియక అందరూ కొత్తగా అద్దెకు దిగినవారిలా తిరిగారు. రెండు మూడు పొడుపులు పడ్డాయి, చూస్తూ ఊరుకున్నాము. అంతవరకు తమరి సూత్రం పనికివస్తుందని ఒప్పుకుంటున్నాము. వదలకుండా వెంటపడి తరమడం, మెడ మీది ఈకలు పీకడం, రక్తం చిందడం దాని పరిధిలోకి రావు.

వేరుచేసిన మగదాన్ని కూడా ఇదే పద్ధతిలో రెండుసార్లు జాలీ వెనుక ఉంచి చూశాము. దాని ధోరణి మారలేదు. పక్క పంజరంలో ఏకాంతవాసం చేస్తూ, తెల్లవారుజామునే కూసి వీధిని లేపుతున్నది. దానికి స్వయంగా సర్దిచెప్పాలని తమరికి తోస్తే ఏ పూటైనా దయచేయవచ్చు. తలపాగా మాత్రం మరవవద్దు.

ఇట్లు,
గోనెసంచి కట్టిన పంజరం యజమాని